సొట్ట పడని కెమెరాలు

ఆవిడ అసలు పేరు కాలేజీలో జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ గట్టి మేడమ్. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వేలి కణుపుతో టకటకా తట్టి, "గట్టిదేనా?" అని అడగడం ఆవిడ అలవాటు. కుర్చీని తట్టి అడిగేది, చెప్పుల్ని తట్టి అడిగేది. పాత విద్యార్థి ఒకమ్మాయి తను చేసుకోబోయేవాడిని పరిచయం చెయ్యడానికి తీసుకొస్తే అతని భుజం తట్టి మరీ అడిగింది. అతను పాపం నవ్వాలో నవ్వకూడదో తెలియక నిలబడిపోయాడు.

ఫొటోగ్రఫీ కోర్సులో ఫిల్ము క్లాసు ఆవిడది. దాని వెనకున్న డార్క్‌రూమ్ కూడా ఆవిడదే అన్నట్టు ఉండేది. ఎర్ర బల్బు, వరసగా రసాయనాల తొట్లు, తీగ మీద క్లిప్పులకి వేలాడే తడి కాగితాలు, ఎంత కడిగినా వదలని పుల్లటి వాసన. తెల్ల కాగితం మీద మెల్లగా ఒక మొహం తేలి వస్తుంటే మొదటిసారి చూసిన పిల్లలు నోరు తెరుస్తారు కదా, ఆ తెరిచిన నోళ్ళ కోసమే ఆవిడ ఇన్నేళ్ళూ అక్కడ ఉద్యోగం చేసింది. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు, అంటే గట్టితనం ఏమైపోతుంది?

ఆ వేసవి సెలవులు అవగానే ప్రిన్సిపాల్ పిలిచాడు.

"మేడమ్, కొత్త కెమెరాలకి ఒప్పుకున్నారు. కానీ ఇదే ఆఖరు. అన్నీ ఒకే రకం, ఒకే విడత. ఏడాది తిరిగేసరికి ఇవి కూడా పాడై మీ ఆసుపత్రి బీరువాలోకి చేరాయంటే ఫిల్ము క్లాసు ఎత్తేస్తాం. డార్క్‌రూమ్ కంప్యూటర్ల వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

"ఇద్దురుగాని లెండి," అంది గట్టి మేడమ్. "ఏడాది తర్వాత కదా. ఈలోగా మీరే వచ్చి నా దగ్గర ప్రింటు తియ్యడం నేర్చుకుంటారు."

ఆ ధీమాతోనే గది దాటింది. వరండా మలుపు తిరిగాక మాత్రం కాళ్ళు వాటంతటవే డార్క్‌రూమ్‌లోకి నడిచాయి. తలుపు వేసుకుని కాసేపు ఎర్ర వెలుతుర్లో నిలబడింది. ఈ గది పోతే తను ఏమైపోతుందో ఆవిడకి నిజంగానే తెలియలేదు. భయమేసింది. ఆ భయాన్ని అక్కడే వదిలి, మొహం కడుక్కుని, పాత కెమెరాల షాపుకి ఫోన్ చేసింది.

కావలసింది మీడియం ఫార్మాట్. మామూలు రీలు కన్నా వెడల్పైన ఫిల్ము పట్టే కెమెరా అన్నమాట. నెగటివ్ పెద్దది, తీసేవాడి తప్పూ ఒప్పూ రెండూ పెద్దగా కనిపిస్తాయి, అందుకే నేర్చుకునేవాళ్ళకి అదే మంచిదని ఆవిడ వాదన. చిక్కేమిటంటే ఇప్పుడు ఇలాంటివి కొత్తవి తయారుచేసేవాళ్ళు అరుదు. ఎవరో వాడి వదిలేసిన వాటిలోంచే గట్టివి ఏరుకోవాలి. షాపాయన మూడు రకాలు నమూనాకి పంపాడు. పెట్టె విప్పగానే పిల్లలు వాటికి పేర్లు పెట్టేశారు.

మొదటిది దొరసాని. చతురస్రంగా, ముచ్చటగా ఉంటుంది. లెన్సు ఊడుతుంది, వెనక ఫిల్ము డబ్బా ఊడుతుంది, పైన చూసే అద్దం ఊడుతుంది, మళ్ళీ అన్నీ టిక్కుమని అతుక్కుంటాయి. రెండోది ఇనప్పెట్టె. దాన్ని స్టాండు మీదకి ఎత్తాలంటే ముందు ఊపిరి బిగబట్టాలి. మూడోది జోడుకళ్ళు. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు, పై కంటితో మనం చూస్తాం, కింది కంటితో అది తీస్తుంది. పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి పైనించి లోపలికి చూడాలి.

నిజం చెప్పాలంటే గట్టి మేడమ్ ఏనాడో నిర్ణయం చేసేసుకుంది. దొరసాని లాంటి కెమెరాయే ఆవిడ ఇంట్లో ఉంది, వాళ్ళ నాన్నది. ఆయన స్టూడియో నడిపినంత కాలం ఒక్కరోజు కూడా మొరాయించలేదు. జోడుకళ్ళంటే ఆవిడకి మ్యూజియం సరుకు. ఇక పరీక్ష దేనికంటే, ప్రిన్సిపాల్ ముందు "పరీక్షించాం" అని గట్టిగా చెప్పడానికి.

పరీక్ష ఎవరు చెయ్యాలన్న దానిలోనూ ఆవిడకి సందేహం లేదు. రెండో ఏడాది చదివే ఒక అమ్మాయే చెయ్యాలి. ఆమెని కాలేజీ అంతా ముక్కలు అని పిలుస్తారు. ఆమె చేతిలో పడ్డ వస్తువు ముక్కలుగా తిరిగొస్తుందని ఆ పేరు. పొగరేం కాదు, పెంకితనం కాదు. కంటికి ఏదో కనిపిస్తుంది, మనిషి అటు పరిగెడుతుంది, చేతులు మాత్రం వెనకబడిపోతాయి. స్టాండ్లు పడేసింది, తొట్టి తిరగేసింది, మెట్ల మీద కెమెరాలు దొర్లించింది. చివరికి సామాన్లు అప్పిచ్చే స్టోరు బాబాయి తన గది గోడ మీదున్న నల్లబల్ల మీద 'వీరికి వస్తువులు ఇవ్వరాదు' అని రాసి, కింద ఆ ఒక్క పేరే రాశాడు.

"ఆ పిల్లకా?" స్టోరు బాబాయి కళ్ళజోడు తీసి మరీ అడిగాడు. "మేడమ్ గారూ, కోతికి కొబ్బరికాయ ఇచ్చినా కాస్త ఆలోచించి కొడుతుంది."

"అందుకే బాబాయ్. దాని చేతిలో బతికింది ఎక్కడైనా బతుకుతుంది."

ముక్కలు వచ్చి మూడు కెమెరాల సంచీని రెండు చేతులా అందుకుంది. ఎవరో వెనకనించి లాగేసుకుంటారేమో అన్నట్టు గుండెకి హత్తుకుంది.

"మామూలుగా వాడు," అంది మేడమ్. "ఎప్పుడూ వాడేట్టే వాడు. నువ్వు నువ్వులాగే ఉండు, తెలిసిందా?"

"అలాగే మేడమ్."

అలాగే అన్న పిల్ల అలాగే చెయ్యలేదు. ఇచ్చిన గడువు అయ్యాక మూడు కెమెరాలూ తళతళా మెరుస్తూ తిరిగొచ్చాయి. ఒక్క గీత లేదు. పైగా ఎవరో మెత్తటి గుడ్డతో తుడిచినట్టున్నారు.

గట్టి మేడమ్ ఒక్కొక్కటీ తట్టి చూసింది. మొహం మాడిపోయింది. "ఏంటిది?"

"ఏమైంది మేడమ్? నేనేం చెయ్యలేదు."

"అదే అడుగుతున్నా, ఎందుకు చెయ్యలేదు అని. ఇన్నాళ్ళూ కనిపించిందల్లా పడేసి, తీరా పడెయ్యమని ఇస్తే అద్దాల బొమ్మల్లా చూసుకొచ్చావా?"

ముక్కలు తల దించుకుంది. "మీ అంతట మీరు పిలిచి నా చేతికి ఇవ్వడం ఇదే మొదటిసారి కదా మేడమ్. ఎలా పడేస్తాను?"

గట్టి మేడమ్‌కి ఆ పిల్ల మీద జాలేసింది, తన మీద తనకి కొంచెం చిరాకూ వేసింది. ఆ రెండూ కనపడకుండా, "సరే, ఏం తీశావో చూపించు," అంది.

దొరసానితో తీసిన బొమ్మల్లో గోడలున్నాయి, మూసిన తలుపులున్నాయి, దూరంగా అటు తిరిగి నిలబడ్డ మనుషులున్నారు. "ఏది ఊడదియ్యాలో ఏది బిగించాలో అన్న భయంలో దగ్గరికి వెళ్ళలేకపోయాను," అంది ముక్కలు. ఇనప్పెట్టె బొమ్మలన్నీ ఒకే చోటునించి తీసినవి, స్టాండు ఎక్కడ పాతిందో అక్కడే. జోడుకళ్ళ బొమ్మల కాగితం మాత్రం వేరుగా ఉంది. బస్టాపులో నిద్రపోతున్న ఆవిడ, మంగలి అద్దంలో సగం గడ్డంతో ఒకాయన, ఉన్న ఒక్క పన్నూ బయటపెట్టి నవ్వుతున్న ముసలమ్మ. "మనం తల దించుకుని ఉంటాం కదా మేడమ్, వాళ్ళకి తమని చూస్తున్నట్టే అనిపించదు."

"బొమ్మలు బాగున్నాయి," అని ఒప్పుకుంది మేడమ్. "కానీ నాకు కావలసింది గట్టితనం. అది దొరసానిలో ఉంది. రేపు ప్రిన్సిపాల్ ముందు పెడుతున్నా, ఈ కాగితాలు పట్టుకుని నువ్వూ రా."

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న కెమెరా బయటికి తీసింది. లెన్సులన్నీ ఒకదానికొకటి ఎలా సరిపోతాయో రేపు చూపించాలి. ఆవిడ వాళ్ళమ్మ పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఒకప్పుడు ఆ స్టూడియోలో నెగటివ్‌ల మీద మొటిమలూ ముడతలూ పెన్సిలుతో చెరిపిన చెయ్యి అది. మడత ఇప్పటికీ గీత గీసినట్టు వస్తుంది.

"చూడమ్మా, నాన్న పోయి ఇన్నేళ్ళయినా చెక్కు చెదరలేదు. ఇంతకంటే గట్టిది ఎక్కడుంది?"

"మీ నాన్న దాన్ని ఎవరినైనా ముట్టుకోనిచ్చాడా? నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు," అంది అమ్మ. "ఎవరూ ముట్టుకోకపోతే గాజు గ్లాసైనా గట్టిదేనే."

"నీకేం తెలీదమ్మా, నువ్వు మడతలు చూసుకో." మాట్లాడుతూనే లెన్సు ఊడదీసింది, దాని షట్టర్ ఒకసారి టక్కుమనిపించింది, బాగుందనుకుని గుడ్డలో చుట్టి సంచిలో పడేసింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద మూడు కెమెరాలూ పెట్టారు. ప్రిన్సిపాల్, కంప్యూటర్ల సెక్షన్ మాస్టారు ఒక పక్క. స్టోరు బాబాయి గోడకి ఆనుకుని, ముక్కలు గుమ్మం దగ్గర. కంప్యూటర్ల మాస్టారు జేబులో కొలతల టేపు ఉంది. డార్క్‌రూమ్‌లో ఎన్ని బల్లలు పడతాయో చూసుకుందామని కాబోలు. అది గట్టి మేడమ్ కంట్లో పడింది, ఆవిడకి ఎక్కడలేని హుషారూ వచ్చింది.

"ఇది కెమెరా కాదండీ, ఒక కుటుంబం," అని దొరసానిని ఎత్తి చూపించింది. "ఒకళ్ళ లెన్సు ఇంకొకళ్ళకి పడుతుంది. ఒకటి పోతే ఇంకొకటి తగిలించుకుని పని నడుపుకోవచ్చు. ఇదిగో, మా నాన్నగారి లెన్సు, ఎప్పటిదో చూడండి. దీనికి ఎలా పడుతుందో."

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ రకం కెమెరాలో ఒంటికీ లెన్సుకీ విడివిడిగా స్ప్రింగులుంటాయి. రెండూ బిగించి ఉన్నప్పుడే కలపాలి. ఒకటి బిగించి, రెండోది వదులుగా ఉండగా కలిపితే ఇద్దరూ అలిగిన మొగుడూ పెళ్ళాల్లా బిగుసుకుపోతారు, ముందుకీ రారు వెనక్కీ పోరు. ఈ సంగతి గట్టి మేడమ్ ఏటా మొదటి క్లాసులోనే బల్ల గుద్ది చెబుతుంది. ముందురోజు సాయంత్రం టక్కుమనిపించి వదులు చేసిన లెన్సు స్ప్రింగుని మళ్ళీ బిగించలేదన్న సంగతి మాత్రం, మాటల జోరులో, ఆవిడకి గుర్తు రాలేదు.

లెన్సు అతికింది. పక్కనున్న పిడి తిప్పబోయింది. కదల్లేదు. లెన్సు ఊడదియ్యబోయింది. అదీ కదల్లేదు.

"కొంచెం కొత్త జోడీ కదా," అని నవ్వి, పిడిని ఇంకాస్త గట్టిగా తిప్పింది. అందరూ చూస్తున్నారు. ఇంకాస్త గట్టిగా తిప్పింది. లోపల కరకరమని ఏదో కొరికినట్టు చప్పుడై, ఆ తర్వాత పిడి గాలిలో తిరిగినట్టు ఉత్తినే తిరిగింది.

"నేను కాదు మేడమ్," అంది గుమ్మం దగ్గరున్న ముక్కలు.

గది గొల్లుమంది. ప్రిన్సిపాల్ కూడా ఆపుకోలేకపోయాడు. పాపం ఆ పిల్ల గుమ్మం దాటి లోపలికే రాలేదు. ఏదైనా విరిగిన చప్పుడైతే ఆమె నోట ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది, అంతగా అలవాటైపోయింది. నవ్వనిది గట్టి మేడమ్ ఒక్కతే. తుడిచిన కెమెరాలు, గుండెకి హత్తుకున్న సంచీ ఆవిడకి గుర్తొచ్చాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నువ్వు కాదు," అంది. "నేనే. నేనే విరగ్గొట్టాను."

ప్రిన్సిపాల్ నవ్వు ఆపి గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీ చేతుల్లోనే ఇలా అయితే ఇక పిల్లల చేతుల్లో ఏం మిగులుతుంది చెప్పండి? నన్నడిగితే ఈ సంగతి ఇక్కడితో ఆపేద్దాం." కంప్యూటర్ల మాస్టారి చెయ్యి జేబులోకి వెళ్ళింది.

వేరే ఎవరికైనా అయితే అక్కడ ఏడుపు ముంచుకొచ్చేది. గట్టి మేడమ్‌కి మాత్రం ఎదురుగా ఉన్న ఆ కెమెరాలో ఏదో కొట్టొచ్చినట్టు కనబడింది. చచ్చిపోయింది, ఒంటి మీద ఒక్క గీత లేదు.

"ఒక్క నిమిషం," అంది. "బాబాయ్, ఆసుపత్రి బీరువాలో ఉన్నవన్నీ ఇలా పట్టుకురండి."

ఆసుపత్రి అని పేరే గానీ అందులోంచి కోలుకుని బయటికొచ్చింది ఒక్కటీ లేదు. స్టోరు బాబాయి ట్రేలో తెచ్చి బల్ల మీద పరిచాడు. మేడమ్ ఒక్కొక్కటీ ఎత్తి, వెలుతుర్లో తిప్పి తిప్పి చూసింది. పిడులు వంగి ఉన్నాయి. మరమేకుల తలలు చెక్కుకుపోయి ఉన్నాయి. ఒకదాని లెన్సు వంకరగా ఇరుక్కుంది. ఒకదానికి ఫిల్ము మీద వెలుతురు పడకుండా అడ్డం పెట్టే రేకు ఎక్కడో పోతే ఎవరో అట్టముక్క కత్తిరించి దూర్చారు, అది లోపల చిరిగి ఉండిపోయింది. ఒక్కదానికైనా సొట్ట లేదు.

"ఇది ఎవరి చేతిలో పోయింది బాబాయ్?"

"అదా, క్లాసు ఫస్టు వచ్చిన అబ్బాయి."

"ఇది?"

"మీరు అందరికీ ఆదర్శం అంటారే, ఆ అమ్మాయి."

"మరి ఇది?"

స్టోరు బాబాయి పైకప్పు వంక చూశాడు. "అది మీరే, మేడమ్ గారూ."

"సరే. ముక్కలు పడేసినవి ఎక్కడ?"

"అవి బీరువాలో ఎందుకుంటాయి? వాడుకలోనే ఉన్నాయి." స్టోరుకి వెళ్ళి రెండు తెచ్చాడు. మూలలు నొక్కుకుపోయి, రంగు లేచిపోయి, చూడ్డానికి దెబ్బలాటలోంచి వచ్చినట్టున్నాయి. మేడమ్ ఒకదాని షట్టర్ నొక్కింది. టక్కుమంది. రెండోదీ టక్కుమంది.

"చూశారా?" ఆవిడ గొంతులో పాత ధీమా మొత్తం తిరిగొచ్చింది. "పడితే సొట్ట పడుతుంది, అంతే. బిగుసుకున్నదాన్ని బలవంతంగా తిప్పితేనే చస్తుంది. తిప్పేదెవరు? భయమున్నవాళ్ళు ఆగి, అడిగి తిప్పుతారు. నాకన్నీ వచ్చు అనుకునేవాళ్ళు అడగరు, తిప్పేస్తారు. ఇన్నాళ్ళూ ఈ పిల్లలాంటి వాళ్ళని చూసి భయపడ్డాను. భయపడాల్సింది నాలాంటి వాళ్ళని చూసి."

జోడుకళ్ళని తీసి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది. "దీన్ని విప్పండి."

"నేనా?"

"మీరే. ఏదో ఒకటి ఊడదియ్యండి."

ప్రిన్సిపాల్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లెన్సు లాగాడు, రాలేదు. పైమూత లేచింది గానీ ఊడలేదు. "వెనక తలుపు తెరుచుకుంటోంది," అన్నాడు గెలిచినట్టు.

"తెరుచుకోకపోతే ఫిల్ము ఎక్కడ పెడతారండీ? ఇంకా?"

ఇంకేం లేదు. కంప్యూటర్ల మాస్టారు ఊరుకోలేక, "ఇనప్పెట్టె ఇంకా గట్టిది కదా?" అన్నాడు.

"గట్టిదే. దానికీ లెన్సు ఊడుతుంది, వెనకభాగం ఊడుతుంది, రేకు ఊడుతుంది. పైగా దాన్ని మొయ్యడానికి పిల్లలు కూడా గట్టివాళ్ళని ఏరుకోవాలి. ఈ జోడుకళ్ళలో విడిపోయేదేం లేదు, కాబట్టి తప్పుగా కలిపేదీ లేదు, పారేసుకునేదీ లేదు. నాకు ఇవే కావాలి." కొంచెం ఆగి, "నేను వీటిని మ్యూజియం సరుకన్నాను. తప్పే," అని కూడా అంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి ముక్కలు చేతిలోని కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. ఒంటిపన్ను ముసలమ్మ ప్రిన్సిపాల్ వంక చూసి నవ్వింది.

ఆయన ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "ఏడాది," అన్నాడు.

"ఏడాది చాలు."

నాన్న లెన్సుని షాపాయన ఎలాగో విడదీసి పంపాడు, అంచు మీద ఒక గీతతో. ఆ గీత కనపడకుండా గట్టి మేడమ్ దాన్ని గుడ్డలో చుట్టబోయింది. అమ్మ మాత్రం దాన్ని వేలితో తడిమి, "పోనీలే, ఇన్నాళ్ళకి ఒకళ్ళు ముట్టుకున్నారు," అంది.

జోడుకళ్ళు వచ్చిన రోజు గట్టి మేడమ్ స్టోరులోకి వెళ్ళి నల్లబల్ల మీద ముక్కలు పేరు కొంగుతో తుడిచేసింది. ఆ చోట సుద్దముక్కతో 'గట్టి మేడమ్' అని రాసింది. అది చూసి స్టోరు బాబాయి, "మీకు నిజంగా ఇవ్వనండోయ్," అన్నాడు.

"ఇవ్వకండి. అడిగితే ముందు చేతులు కట్టించండి."

మొదటి కెమెరా ముక్కలు మెడలో పడింది. పట్టీ సరిచేసుకుంటూ వరండా దాటి మెట్ల దగ్గరికి వచ్చింది. కింద గేటు బయట ఎవరో అద్దాల బీరువా మోసుకెళ్తున్నారు, అద్దంలో వీధి వీధంతా ఊగుతోంది. అంతే, పిల్ల అటు పరిగెత్తింది, పట్టీ జారింది. జోడుకళ్ళు మెట్టు మెట్టునీ పలకరించుకుంటూ కిందిదాకా దొర్లి, అప్పుడే పైకి వస్తున్న ప్రిన్సిపాల్ కాళ్ళ దగ్గర ఆగింది.

స్టోరు గుమ్మంలో నిలబడ్డ బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"నేనే మేడమ్," అంది ముక్కలు.

పైన డార్క్‌రూమ్ గుమ్మంలోంచి గట్టి మేడమ్ తల బయటపెట్టింది. మెట్టు మాత్రం దిగలేదు. "సొట్ట ఎక్కడ?"

పిల్ల కిందికి పోయి కెమెరా ఎత్తి చూసింది. "పైమూత మూల మీద."

"పిడి తిప్పు. మెల్లగా."

తిరిగింది.

"షట్టర్ కొట్టు."

ప్రిన్సిపాల్ కూడా చెవి అటు పెట్టాడు. చిన్న చప్పుడు, టిక్. ముక్కలు వేలి కణుపుతో కెమెరాని రెండుసార్లు తట్టింది. "గట్టిదే మేడమ్," అంది, అడక్కుండానే.

"మరి నిలబడ్డావేం? ఆ బీరువా వీధి మలుపు తిరిగిపోతోంది, వెళ్ళు," అని గట్టి మేడమ్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.